యేసురత్నం మాస్టారి బకెట్టు

మా అమ్మాయి కావ్యకి రెండేళ్ళు నిండేలోపు జ్వరంతో రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. ఆ సంగతి బయట ఎవరికీ తెలియకూడదని నేనూ, మా ఆవిడ ప్రసన్నా గట్టిగా అనుకున్నాం. అనుకున్న మర్నాడే నేను ఆ సంగతంతా వివరంగా ఒక కాగితం మీద రాసి, టైపు చేయించి, పన్నెండు కాపీలు తీయించాను.

నేను జంతుశాస్త్రంలో ఎమ్మెస్సీ. రాజోలులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పాఠాలు చెబుతాను. మనిషి మెదడు బొమ్మ బోర్డు మీద కళ్ళు మూసుకుని గీస్తాను గానీ, పిల్లకి ఒళ్ళు వెచ్చబడితే థర్మామీటరు ఎక్కడ పెట్టానో గుర్తుండదు. "ఇది మూర్ఛ రోగం కాదండి. చిన్నపిల్లల్లో కొందరికి జ్వరం పెరిగినప్పుడు వస్తుంది. అయిదారేళ్ళకి దానంతటదే పోతుంది" అని కాకినాడ డాక్టరు గారు చెప్పారు. ప్రసన్న ఒక్కసారి విని తల ఊపింది. నేను మూడుసార్లు చెప్పించుకుని, తిరుగు బస్సులో ఆ ముక్కే ప్రసన్నకి మళ్ళీ రెండుసార్లు చెప్పాను.

"ఎవరికీ అనకండి. ఆడపిల్ల. ఒకసారి పేరు పడిందంటే పోదు" అంది ప్రసన్న.

"ఛ, నేనెందుకు చెబుతాను?" అన్నాను.

చెప్పలేదు. రాసిచ్చాను.

నా భయమల్లా ఒకటే. మేమిద్దరం దగ్గర లేనప్పుడు పిల్లకి జ్వరం వస్తే? అందుకని పిల్ల చుట్టుపక్కల మసిలే ప్రతి మనిషి దగ్గరా ఒక కాగితం ఉండాలనుకున్నాను. పైన 'అత్యవసర సమాచారం' అని పెట్టాను. కింద కావ్య పూర్తి పేరు, పుట్టిన తేదీ, టైము, నక్షత్రం, రక్తం గ్రూపు, బరువు, వేసిన టీకాలు, రెండు పుట్టుమచ్చలు, ఫిట్స్ వచ్చిన తేదీలు, ఎన్ని నిమిషాలు ఉన్నాయి, వాడిన మందు, మా ఇద్దరి ఉద్యోగాలు, మేము ఇంట్లో ఉండని వేళలు, ఫోన్ నెంబర్లు అన్నీ రాశాను. నక్షత్రం ఎందుకని ప్రసన్న తర్వాత అడిగింది. ఖాళీ ఉంది, రాశాను.

ఆ కాగితం పట్టుకుని సెంటర్లో యేసురత్నం మాస్టారి షాపుకి వెళ్ళాను. ఆయన్ని రాజోల్లో అందరూ టైపు మాస్టారు అంటారు. నాన్న పొలం కూలీ. ఈయన క్రైస్తవ మిషనరీల బళ్ళో చదువుకుని, ఇంగ్లీషూ తెలుగూ రెండు టైపులూ హయ్యరు పాసై, కోర్టు ఎదురుగా రేకుల పాక కింద అర్జీలు కొట్టడంతో మొదలుపెట్టారు. తర్వాత కూతురి పేరు మీద 'లిడియా టైప్ ఇన్‌స్టిట్యూట్' పెట్టారు. ఎనిమిది మిషన్ల మీద పిల్లలు టకటకా కొడుతుంటే బస్టాండు దాకా వినపడేదట. కంప్యూటర్లు వచ్చాక పిల్లలు అటుపోయారు. ఆయన ఏడు మిషన్లు అమ్మేసి, ఒకటి ఉంచుకుని, పక్కన ఒక పాత జిరాక్సు మిషను పెట్టుకున్నారు. ఇప్పుడు యాభై అయిదేళ్ళు. ఇస్త్రీ చేసిన తెల్ల పొట్టిచేతుల చొక్కా, జేబులో ఒక్క పెన్ను.

ఆ షాపులో ఒక నియమం ఉంది. కాపీ నల్లగా వచ్చినా, వంకరగా వచ్చినా ఆయన దాన్ని చెత్తబుట్టలో వెయ్యరు. మన చేతికే ఇస్తారు. మనమే చింపి, బల్ల కింద నీళ్ళతో ఉన్న బకెట్టులో వెయ్యాలి. వాడిన కార్బన్ కాగితాలైతే ఆయనే పొయ్యిలో పెడతారు. ఆ నానిన కాగితాన్ని మాస్టారి భార్య దానమ్మ గారు మెంతులతో కలిపి రుబ్బి, వెదురు చాటలకీ తట్టలకీ అలుకుతారు. రాజోలు రహస్యాలతో రాజోల్లోనే బియ్యం చెరుగుతున్నారని నేను స్టాఫ్ రూములో జోకు వేసి అందరినీ నవ్వించేవాణ్ణి.

మాస్టారు నా కాగితం టైపు చేశారు. కొడుతున్నంతసేపూ ముఖంలో ఏమీ లేదు. అయ్యాక అడిగారు.

"ఎన్ని కాపీలండి?"

"పన్నెండు."

"పన్నెండు మందికాండి?" అన్నారు. "ఎవరెవరికో అడగొచ్చాండి?"

"మా పిల్లని తిప్పే ఆటో అప్పలరాజు, పిల్లల్ని చూసుకునే పైడమ్మ గారు, మందుల షాపు, పక్కింటివాళ్ళు..." అని లెక్క చెప్పాను.

"ఆయ్. అప్పలరాజుకి మీ ఫోన్ నెంబరు చాలు కదండీ. ఈ పుట్టుమచ్చలతో అతనికేం పనండి? ఎవరికి ఏ లైనుతో పనో ఆ లైను మటుకు కొట్టి, ముక్కలు చేసి ఇస్తానండి. అరగంట పని."

ఎమ్మెస్సీ చదివినవాడికి టైపు హయ్యరు పాసైనాయన సలహా ఇస్తే ఎలా ఉంటుంది? నాకు అలాగే ఉంది. అత్యవసర పరిస్థితిలో మొదటి పది నిమిషాలు ఎంత ముఖ్యమో, అసంపూర్ణ సమాచారం ఎంత ప్రమాదమో ఆయనకి ఒక పీరియడు పాఠం చెప్పాను. పాఠమంతా ఆయన నిలబడే విన్నారు.

"ఆయ్, చిత్తమండి" అని పన్నెండు కాపీలూ తీసిచ్చారు. వంకరగా వచ్చిన రెండింటినీ నా చేతికిచ్చి బకెట్టు చూపించారు. నేను నవ్వుకుంటూ చింపి వేశాను. మంచివి పన్నెండూ సంచీలో పెట్టుకుని ఊరి మీద పడ్డాను.

పంచేముందు ఇంట్లో కూర్చుని, ప్రతి కాపీలోనూ 'ఫిట్స్' అన్న మాట కింద ఎర్ర సిరాతో రెండేసి గీతలు గీశాను. కనపడాలి కదా.

ఏడాదిన్నర గడిచింది. ఫిట్స్ మళ్ళీ రాలేదు. 2004 మే నెలలో కావ్యని ఎల్కేజీలో చేర్చడానికి కాన్వెంటుకి తీసుకెళ్ళాం. ప్రిన్సిపాల్ మేడం పెద్దావిడ. కళ్ళజోడు ముక్కు మీదకి జార్చి, ముద్దుగా అడిగారు.

"నీ పేరేంటమ్మా?"

మా అమ్మాయి రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వారం రోజులు ప్రాక్టీసు చేసినంత స్పష్టంగా చెప్పింది.

"ఫిట్స్ కావ్య."

గదిలో ఫ్యాను చప్పుడు వినపడింది. మేడం గారు నా వంక చూశారు. నేను ప్రసన్న వంక చూశాను. ప్రసన్న కావ్యని దగ్గరకి లాక్కుంది.

"పాపకి ఫిట్స్ ఉన్నాయాండి?" అన్నారు మేడం.

నేను నోరు తెరిచాను. డాక్టరు గారు చెప్పింది, పుస్తకాల్లో ఉన్నది, నేను ఊహించింది అన్నీ కలిపి బయటికి వచ్చాయి. అందులో ఒక్క ముక్కా ఆవిడకి అర్థమైనట్టు లేదు.

"మా దగ్గర డాక్టరు ఉండరండి. మిగతా తల్లిదండ్రులు కూడా అడుగుతారు" అన్నారు. "ఓ పని చెయ్యండి. వచ్చే సోమవారం మళ్ళీ తీసుకురండి. ఈలోపు నేనూ ఆలోచిస్తాను."

బయటికొచ్చాక ప్రసన్న ఒక్కటే మాట అంది. "బళ్ళో అడుగుపెట్టకముందే పేరు పడిపోయింది."

సీటు పోతే ఇంకో బడి ఉంది. కానీ ఆ పేరుతో ఏ బడికి వెళ్ళినా, ఏ క్లాసుకి వెళ్ళినా అదే పేరు. నా చెవుల్లోంచి పొగలొచ్చాయి. ఆ మాట మా ఇంట్లో మేము అనం. ఊళ్ళో తెలిసింది ఒక్కరికే. కాగితం టైపు చేసినాయనకే! పన్నెండు కాపీలు పంచినవాణ్ణి, ఆ పన్నెండు మంది సంగతి నాకు తట్టనేలేదు. వాళ్ళు నేను నమ్మి ఇచ్చినవాళ్ళు కదా.

స్కూటరు తిన్నగా సెంటరుకి పోనిచ్చాను. షాపులో ఇద్దరు పెద్దమనుషులు పట్టా కాగితాలు కాపీ తీయించుకుంటున్నారు. దానమ్మ గారు మూల కూర్చుని చాటకి గుజ్జు అలుకుతున్నారు.

"ఈ ఊళ్ళో మీకు తప్ప ఆ సంగతి ఎవరికీ తెలీదు మాస్టారూ! మా పిల్ల బతుకు రోడ్డున పెట్టేరు!" అని అరిచాను.

జిరాక్సు మిషను మూత పట్టుకున్న ఆయన చెయ్యి అలాగే ఉండిపోయింది. పట్టాల పెద్దమనుషులు తమ కాగితాలు మెల్లగా వెనక్కి తీసుకోవడం నేను చూశాను. ఆయనా చూశారు. 

దానమ్మ గారే లేచారు, మోచేతుల దాకా మెంతిగుజ్జుతో. "ఎవరి మాట ఎవరికి చెప్పేరు బాబూ ఈయన? మా సొంత ఆడపడుచు ఇంటి స్థలం అమ్ముకుంటే ఆ దస్తావేజు కొట్టింది ఈయనే. నాకు తెలిసిందెప్పుడో తెలుసాండి? కొన్నవాళ్ళు ఇల్లు కట్టుకుని గృహప్రవేశానికి పిలిస్తే! ముప్పై ఏళ్ళ కాపురం బాబూ. కడుపుబ్బి నేను చస్తున్నాను గానీ, ఈయన నోరు విప్పరు!"

"దానమ్మా, ఊరుకో" అన్నారు మాస్టారు. తర్వాత నాతో, చాలా మెల్లిగా, "కొట్టింది నేనే కదండీ. అనుమానం రావడం సహజమండి. ఒక్కటి చెయ్యండి బాబూ. మీరు పంచిన పన్నెండు కాగితాలూ ఇప్పుడు ఎక్కడెక్కడున్నాయో ఒకసారి చూసుకుని రండి" అన్నారు.

చూసి, తెచ్చి, ఆయన ముఖాన కొడదామనే బయల్దేరాను.

అప్పలరాజు ఆటో రాజోలు స్టాండులోనే ఉంది. నా కాగితాన్ని అతను ప్లాస్టిక్ కవర్లో పెట్టి, తన సీటు వెనక, ప్యాసింజర్ల ముఖాలకి ఎదురుగా అంటించుకున్నాడు. "మీరు ఎప్పుడూ కనపడేలా ఉంచమన్నారు కదండీ. రాజోలు నుంచి తాటిపాక దాకా అందరూ చదువుకుంటారండి. ఒకాయనైతే పాప నక్షత్రం చూసి, తన మేనల్లుడి కొడుక్కి సరిపోద్దన్నాడండి" అన్నాడు సంతోషంగా.

మందుల షాపులో కౌంటరు అద్దం కింద ఉంది. పక్కింటి సత్యనారాయణమూర్తి గారు బీరువా అరలో పరిచి, దాని మీద వడియాల డబ్బా పెట్టుకున్నారు. ముక్తేశ్వరంలో మా అత్తగారికి ఫోను చేస్తే, "అది భద్రంగానే ఉంది బాబూ, మా వీధిలో అందరికీ చదివి వినిపించేను, పిల్ల కోసం ప్రార్థనలు చేస్తామన్నారు, మొక్కుకుంటామన్నారు" అని చెప్పింది. మా కాలేజీ స్టాఫ్ రూము నోటీసు బోర్డు మీద ఒకటి ఉంది. దాన్ని అక్కడ గుచ్చింది ఎవరో కాదు, నేనే. ఏడాదిన్నరగా దాని ముందే టీ తాగుతున్నాను.

 ఆఖరికి పైడమ్మ గారింటికి వెళ్ళాను. పదిమంది పిల్లల్ని ఇంట్లో పెట్టుకుని చూసుకుంటుందావిడ. నేను కాలేజీకీ, ప్రసన్న తను పాఠాలు చెప్పే బడికీ పోయే వేళల్లో కావ్య అక్కడే ఉంటుంది. నా కాగితం గోడ మీద, అ ఆ ఇ ఈ ల చార్టు పక్కన, మైదా జిగురుతో అతికించి ఉంది. ఎర్ర గీతలు నిగనిగలాడుతున్నాయి.

"ఫిట్స్ కావ్య అని ఎవరు పిలుస్తున్నారండీ?" అని అడిగాను.

"నేనేనండి" అంది పైడమ్మ గారు, ఏ తప్పూ ఎరగని మొహంతో. "మా దగ్గర ఇద్దరు కావ్యలున్నారు కదండీ. పిలిస్తే ఇద్దరూ పరిగెత్తుకొచ్చేస్తారు. నాకు చదువు రాదాయె. ఆ రెండో కావ్య వాళ్ళమ్మగారు గోడ మీదది చదివి చెప్పేరండి. అప్పణ్ణించీ ఆ పిల్ల జడ కావ్య, మన పిల్ల ఫిట్స్ కావ్య. తేడా తెలియాలి కదండీ! మన పిల్లకి ఆ పేరంటే ఎంతిష్టమో. 'ముందు ఫిట్స్ కావ్యకి పెట్టాలర్రా, ఆకలికి తట్టుకోలేదు' అని కోడిగుడ్డు ముందు దానికే పెడతానండి."

మా వైపు మనిషికి రెండు పేర్లుంటే కష్టం లేదు. ఒకే పేరు ఇద్దరికి ఉంటేనే కష్టం. పొట్టి సుబ్బారావనీ, మిల్లు సుబ్బారావనీ ఏదో ఒకటి తగిలించేస్తాం. నా కూతురికి తగిలించడానికి కావలసిన మాట నేనే టైపు చేయించి, ఎర్ర గీతలు గీసి, గోడకి ఇచ్చాను. కావ్య అన్న పేరు పెట్టింది కూడా నేనే. ఎవరికీ లేని పేరు కావాలని నెలరోజులు పరిశోధన చేసి మరీ.

గోళ్ళతో గోకి కాగితం పీకాను. ఆవిడ చిన్నబుచ్చుకుంది. "మీరే కదండీ అంటించమన్నారు" అంది. "పోనీ ఏమని పిలవమంటారు?" అంటే, "కావ్య ఒకటి, కావ్య రెండు" అన్నాను. పైడమ్మ గారు నన్ను జాలిగా చూసి, "మనదానికి పిలక కదండీ, పిలక కావ్య అంటాన్లెండి" అంది.

మర్నాడు పొద్దున్నే, దొరికిన కాగితాలన్నీ పట్టుకుని మాస్టారి దగ్గరకి వెళ్ళాను. షాపులో ఎవరూ లేరు. నిన్నటి ఇద్దరి ముందే క్షమాపణ చెప్పాలని అనుకున్నాను గానీ, వాళ్ళ పేర్లు నాకు తెలియవు. ఆయనకి తెలుసు, కానీ చెప్పరు.

"తప్పైపోయింది మాస్టారూ."

"కూర్చోండి" అన్నారు. ఆయనే మొదలుపెట్టారు. "తొంభై మూడులోనండి. కోర్టు దగ్గర పాకలో ఉండేవాణ్ణి. ఒకావిడ వచ్చింది, కూలి చేసుకునే మనిషి. తన ఇంటి స్థలం తను కూలికెళ్ళే రైతే కలిపేసుకుంటున్నాడని ఎమ్మార్వో గారికి అర్జీ. మూడు కాపీలు కొట్టి, కార్బను బుట్టలో పడేసేను. కొత్త కార్బనండి, మొదటిసారి వాడింది. ఆ రైతు గుమాస్తా జగ్గారావని, ఏదో పని మీద నా దగ్గరకే వచ్చేడు. నేను టీకి వెళ్ళొచ్చేలోగా బుట్టలోంచి తీసి, వెలుతురుకి పట్టుకుని చదివేసేడండి. కార్బను మీద ప్రతి అక్షరం తెల్లగా కనపడతాది కదండీ. అర్జీ ఆఫీసు చేరకముందే ఆవిడని పనిలోంచి మాన్పించేసేరు. పాక పీకించేసేరు."

ఆయన జిరాక్సు మిషను మూత మీది దుమ్ము తుడిచారు.

"ఆవిడొచ్చి తిట్టినా బాగుండేదండి. 'మీకు తప్ప ఎవరికీ చెప్పలేదు మాస్టారూ' అంది. అంతే అని వెళ్ళిపోయింది. ఏ ఊరెళ్ళిపోయిందో తెలీదు."

నిన్న నేను అదే మాట అరిచాను.  చేతిలో కాగితాలు ఏం చెయ్యాలో తెలియక, చింపడం మొదలుపెట్టాను. ఆయన బకెట్టు నా దగ్గరకి జరిపారు.

తర్వాత ఇద్దరం కూర్చుని ఆయన ఏడాదిన్నర కిందట చెప్పిన పనే చేశాం. అప్పలరాజుకి రెండు ఫోన్ నెంబర్లు. పైడమ్మ గారికి కాగితమే వద్దు, జ్వరం వస్తే తడిగుడ్డ వెయ్యాలి, ఫోను చెయ్యాలి, అది నోటితో చెబితే చాలు. మందుల షాపుకి ఏమీ అక్కర్లేదు. ప్రతి మనిషి దగ్గరా మాస్టారు అదే ప్రశ్న. "దీంతో ఈయనకేం పనండి?" నేను నక్షత్రం కోసం కొంచెం పోట్లాడాను, ఎక్కడైనా ఒకచోట ఉంచుదామని. ఆయన ఒప్పుకోలేదు.

"మరి బడికి?" అన్నాను. "అసలేం లేదని చెప్పేస్తే?"

"అబద్ధం ఎందుకండి? వాళ్ళ చేతుల్లో పిల్లని పెడుతున్నారు. వాళ్ళకి తెలియాలి. జ్వరం వస్తే ఏం చెయ్యాలో డాక్టరు గారి చేత నాలుగు లైన్లు రాయించండి. కవరు అంటించి, పెద్దావిడ చేతికివ్వండి. గోడకి కాదు."

కాకినాడ వెళ్ళి ఉత్తరం తెచ్చాను. మూడున్నర లైన్లు. నా పేజీ మొత్తంలో పనికొచ్చేది అంతే ఉందన్నమాట.

మిగిలిన పని కావ్య. కోడిగుడ్డు ముందు తెచ్చిపెట్టే పేరుని అది ఊరికే వదులుకుంటుందా? "ఆ పేరు ఎవరికీ చెప్పకూడదమ్మా" అని ఆ వారమంతా నిద్ర లేవగానే ఒకసారి, అన్నం తినేటప్పుడు ఒకసారి, పడుకునేముందు ఒకసారి చెప్పాను. "ఎవరడిగినా?" అంది. "ఎవరడిగినా" అన్నాను. ప్రసన్న, "మీరు మళ్ళీ ఎక్కువ చేస్తున్నారు" అంది. నేను వినలేదు.

సోమవారం. అదే గది, అదే ఫ్యాను. ముందు ప్రసన్న కవరిచ్చింది. మేడం గారు చింపి, చదివి, మళ్ళీ చదివారు. "జ్వరం వచ్చినప్పుడేనా? ఈ మాట మొన్న చెప్పలేదేంటండి మీరు?" అన్నారు నాతో. మొన్న ఇరవై నిమిషాలు నేను చెప్పింది అదేనని అనలేదు. ఆవిడ ఉత్తరాన్ని ఫైల్లో పెట్టకుండా సొరుగులో పెట్టి, తాళం వేశారు. "నాకూ, క్లాసు టీచరుకీ తెలిస్తే చాలండి. ఏమ్మా, ఇప్పుడు చెప్పు. నీ పేరేంటి?"

కావ్య నా వంక చూసింది. పెదవులు బిగించింది.

"చెప్పమ్మా."

"చెప్పను. ఎవరడిగినా చెప్పద్దన్నారు నాన్న."

మేడం గారి కళ్ళజోడు మళ్ళీ ముక్కు మీదకి జారింది.  ప్రసన్న నా వైపు చూడకుండానే, "మేడం గారు రిజిస్టర్లో రాసుకోవాలమ్మా, అందుకు అడుగుతున్నారు. ఆవిడకి చెప్పొచ్చు" అంది.

కావ్య ఆలోచించింది. టేబులు చుట్టూ తిరిగి వెళ్ళి, మునివేళ్ళ మీద నిలబడి, మేడం గారి చెవిలో ఏదో చెప్పింది. ఆవిడ నవ్వి, రిజిస్టర్లో రాయడం మొదలుపెట్టారు. ఏ పేరు చెప్పిందో ఏమిటో! నేను మెడ చాచి, తలకిందులుగా చదవబోయాను. ఆవిడ అరచెయ్యి అడ్డం పెట్టారు.

"మీరు కూర్చోండి బాబూ" అన్నారు.

జూన్‌లో బడి తెరిచిన రోజున పిల్లని దింపి, ఇంటికి పోలేకపోయాను. ప్రహరీ గోడ బయట, ఎల్కేజీ కిటికీకి దగ్గరగా స్కూటరు నిలిపి, దాని మీద నిలబడి వింటున్నాను. టీచరు హాజరు పిలుస్తోంది. 'కె' అక్షరం వచ్చేసరికి ఇంకాస్త ముందుకి వంగాను.

"కుడుపూడి కావ్య."

"యెస్ టీచర్!"

మా అమ్మాయి గొంతే. ఎవరూ నవ్వలేదు. టీచరు తర్వాతి పేరుకి వెళ్ళిపోయింది.

"ఎవరండీ మీరు?" అని వెనకనించి కేక. వాచ్‌మన్, చేతిలో కర్ర.

కంగారులో దిగబోయి తూలాను. "కుడుపూడి రాజేంద్రనండి. ఎమ్మెస్సీ జువాలజీ. జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. మా ఇల్లు పెట్రోలు బంకు వెనక రెండో వీధి. పగలు పది నుంచి నాలుగు దాకా ఇంట్లో ఎవరూ ఉండమండి. మా ఫోన్ నెంబరు..."

"నాకెందుకండీ అవన్నీ?" అన్నాడు వాచ్‌మన్. "బడి బస్సొస్తోంది. బండి తియ్యండి."